మంచినీళ్ళు తాగిన పడవ

బెజవాడలో పుట్టి పెరిగినవాళ్ళకి పడవంటే భవానీ ఐలాండ్‌కి టికెట్ కొనుక్కుని ఎక్కేది. తడిసిన లైఫ్‌జాకెట్ కంపు, నాలుగు సెల్ఫీలు, అంతలోనే అవతలి ఒడ్డు. నాకూ అంతకుమించి తెలీదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగింది. ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీలో నిలబడి, మెయిన్ రోడ్డు మీద పోయే ఫైబర్ పడవల వైపు ఖాళీ బిందెలు ఊపుతూ రెండు రోజులు గడిపాం. మూడో రోజు ఒకటి మా సందులోకి తిరిగింది. పాలు, నీళ్ళు అందించి వెళ్ళారు. ఆ సాయంత్రం, ఫోన్‌లో నాలుగు శాతం చార్జింగ్ ఉండగా, నాగాయలంక దగ్గరి పల్లె నుంచి అమ్మమ్మ ఫోన్. ఏడుస్తుందనుకుంటే తిట్టింది. "ముప్పై రెండడుగుల పడవ పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళ పడవ కోసం ఎదురుచూపులేంటే మీకు?"

ఆ ముప్పై రెండడుగుల పడవ అప్పటికి ఐదేళ్ళుగా మడచెట్ల మధ్య పాయలో సగం బురదలో కూరుకుపోయి ఉందన్న సంగతి ఆవిడకీ తెలుసు. తిట్టాలనిపించింది, తిట్టింది అంతే.

పడవ సంగతి క్లుప్తంగా చెప్తాను. మన తీరంలో ఇంజన్ పడవలు వచ్చాక సైజుని బట్టి వాటికి పేర్లు పడ్డాయి. పాబ్లో, రొయ్య, సొర, సోనా. సోనా అన్నిటికంటే పెద్దది, 43 అడుగుల దాకా ఉంటుంది. రొయ్య అంటే 32. మా తాతయ్య 1984లో అప్పు చేసి కట్టించింది రొయ్య బోటు. టేకు పలకలు, లోపల పక్కటెముకల్లాగా వంపు తిరిగిన నల్లతుమ్మ కర్రలు, రెండు సిలిండర్ల రస్టన్ ఇంజన్. కొన్నేళ్ళు రొయ్యల వేటకి పోయింది. పెద్ద బోట్లతో పోటీపడలేక తర్వాత సముద్రం మానేసి దీవులకి సామాను మోసింది. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ. బియ్యం బస్తాలు, సిమెంటు, గ్యాస్ బండలు, అప్పుడప్పుడూ పెళ్ళివారు. 2019లో తాతయ్య పోయాడు. పడవ అప్పుడు ఎక్కడ కట్టి ఉందో అక్కడే ఉండిపోయింది.

వరద తగ్గాక ఇంట్లో పడవ పంచాయితీ మొదలైంది. బందరు నుంచి ఒక కలప వ్యాపారి వచ్చి చూసుకుని వెళ్ళాడు. పాత టేకుకి గిరాకీ ఉందట, కోసి డైనింగ్ టేబుళ్ళు చేస్తారట. నీటి పైభాగం పలకలు బాగున్నాయి కాబట్టి మొత్తానికి లక్షా పది వేలు ఇస్తానన్నాడు. పెద్దమావయ్య అమ్మేద్దామన్నాడు. చిన్నమావయ్య బాగుచేయిద్దామన్నాడు. కథల్లో అయితే ఇక్కడ పెద్దమావయ్య విలన్ అయిపోతాడు. అలా అనుకోకండి. మిగతా అందరం ఆ పడవని ఒడ్డు మీంచి చూసినవాళ్ళం. ఆయన ఒక్కడే దాని మీద పనిచేసినవాడు.

"మీకు నాన్న గుర్తొస్తాడు. నాకు ఆ ఇంజన్ పొగ గుర్తొస్తది. పదిహేనేళ్ళప్పట్నించి దాని మీద వాంతులు చేసుకుంటా వల లాగాను. బాగుచేసుకుంటారా, చేసుకోండి. నేను మాత్రం చెయ్యి పెట్టను," అన్నాడు.

అమ్మమ్మ మాట్లాడకుండా లేచి లోపలికెళ్ళి గాజులు తెచ్చి బల్ల మీద పెట్టింది. వాటిని బ్యాంకులో పెట్టి పెద్దమావయ్య వాటా యాభై అయిదు వేలు ఇచ్చేశారు. ఆయన తీసుకున్నాడు. ఆ నెలలో మా మరదలి ఇంటర్ ఫీజు కట్టాలి, ఎందుకు తీసుకోకూడదు? కాకపోతే అప్పట్నుంచీ ఆ పడవ మీద అమ్మమ్మ గాజులున్నాయి. అది మునిగితే అవీ మునిగినట్టే.

నవంబరు 15, కార్తీక పున్నమి. పోటు బాగా ఎక్కిన వేళ తాటి దుంగలు పరిచి, ట్రాక్టరు కట్టి, పడవని ఒడ్డుకి లాగారు. ఎండకి పలకలు పగలకుండా పైన తాటాకు పందిరి వేశారు. పని సంక్రాంతి సెలవుల్లో మొదలైంది. తాళ్ళరేవు నుంచి ఒక వడ్రంగి పెద్దాయన ఇద్దరు కుర్రాళ్ళతో బస్సు దిగాడు. తాళ్ళరేవు, పక్కనే కోరంగి. ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలు కట్టిన ఊళ్ళు అవి. ఇప్పుడు చెక్క పని తగ్గిపోయింది. డెబ్భై దాటిన పెద్దాయన, చిన్న సుత్తి ఒకటి పట్టుకుని పడవ చుట్టూ తిరుగుతూ ఒక్కో పలకనీ కొట్టి వింటూ పోయాడు. సుద్దముక్కతో కొన్నిటి మీద గుణకారం గుర్తు పెట్టాడు. నేను మెకానికల్ మూడో సంవత్సరం. సెన్సరు లేని నాన్-డిస్ట్రక్టివ్ టెస్టింగ్ చూడటం అదే మొదలు.

గుర్తు పెట్టిన పలక ఒకటి నాకు పైకి గట్టిగానే కనిపించింది. మహా అయితే గుండుసూది దూరేంత రంధ్రాలు అక్కడక్కడా ఉన్నాయి. "ఇది బానే ఉంది కదా తాతా" అన్నాను. ఆయన బాడిత తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు. పలక బిస్కెట్‌లా విరిగింది. లోపలంతా నా చిటికెన వేలు దూరేంత సొరంగాలు, ఒకదాని పక్కన ఒకటి, గోడలకి సున్నం వేసినట్టు తెల్లగా.

మావాళ్ళు దాన్ని పురుగు అంటారు. ఇంగ్లీషు వాళ్ళూ ఓడపురుగనే అన్నారు. నిజానికి అది పురుగు కాదు, ఆల్చిప్పల జాతి. రెండు చిప్పలు తల దగ్గర చిన్న రంపాల్లా మారిపోయాయి. పిల్లప్పుడే చెక్కలోకి దూరుతుంది, ఇక బయటికి రాదు. తింటూ, పెరుగుతూ, వెనకాల సొరంగం గోడకి సున్నపు పూత వేసుకుంటూ పోతుంది. చెక్కని అరిగించే పనిలో సగం దాని మొప్పల్లో ఉండే బ్యాక్టీరియాది. సివిల్ వాళ్ళకి ఒక సంగతి: మీరు టన్నెలింగ్ షీల్డ్ అని చదువుకుంటారే, 1818లో మార్క్ బ్రునెల్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఐడియా ఈ జీవి దగ్గర్నుంచే వచ్చిందని చెప్తారు. థేమ్స్ నది కింద సొరంగం దాంతోనే తవ్వారు. మా పడవలో ఏ పేటెంటూ లేకుండానే తవ్వేసింది.

పెద్దాయన విరిగిన ముక్కని దులిపాడు. ఎండిపోయిన చిన్న చిప్పలు రాలాయి. "చచ్చినాయి. మొన్న వరదకి చచ్చినాయి. లేపోతే ఈ పడవ నాకెందుకు చూపిస్తారు, పొయ్యిలో పెట్టుకోవాల," అన్నాడు.

నాకు ఆ రోజు సరిగ్గా అర్థం కాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ జీవికి ఉప్పునీళ్ళు కావాలి. మంచినీళ్ళు తగిలితే రంధ్రానికి రెండు చిన్న మూతలు బిగించుకుని లోపల కూర్చుంటుంది. అలా కొన్ని వారాలు బతకగలదు. కాబట్టి ఒక రోజు వానకో, రెండు రోజుల వరదకో చావదు. మంచినీళ్ళు వచ్చి నిలవాలి. 2024లో అదే జరిగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకుని కౌంటర్‌వెయిట్లు విరగ్గొట్టిన వరద అదే. ఆ తర్వాత కూడా నీళ్ళు దిగువకి వస్తూనే ఉన్నాయి. పాయలో నీళ్ళు వారాల తరబడి తాగేటట్టున్నాయని అమ్మమ్మ చెప్పింది. బెజవాడలో మా ఇల్లు ముంచిన నెలలోనే కింద మా పడవని కొరికేవాటిని నది చంపింది. బుడమేరు వేరు, కృష్ణ వేరు, రెండూ కలిపి మాట్లాడకూడదని తెలుసు. అయినా ఇంట్లో అందరం కలిపే మాట్లాడుకుంటాం.

పెద్దాయన చెప్పిన లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. పాతరోజుల్లో కొత్తనీళ్ళు, అంటే ఎర్రనీళ్ళు, వచ్చినప్పుడు పడవల్ని పైకి తీసుకుపోయి నెల్లాళ్ళు కట్టేసేవాళ్ళట. "ఎర్రనీళ్ళు తాగిన పడవ నాలుగేళ్ళు ఎక్కువ బతుకుద్ది." మరి ఎందుకు మానేశారు? "నీళ్ళేయి?" అన్నాడు.

చెక్క పడవలు పోవడానికి ఫైబర్ చవక కావడం, టేకు ఖరీదు కావడం కారణాలని అందరూ చెప్తారు, నిజమే. నాకైతే ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. 1855లో బెజవాడలో ఆనకట్ట వచ్చింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలు ఆ నీళ్ళ మీదే పండుతున్నాయి. అమ్మమ్మ వాళ్ళ రెండెకరాల వరీ అందులోదే, కాబట్టి బ్యారేజీని తిట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ పైన శ్రీశైలం, సాగర్, ఇంకా పైన ఎన్నో. అన్నీ నిండితేగానీ కిందికి చుక్క రాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు బ్యారేజీ దిగువన ఇసకే. కింద నుంచి పోటు ఉప్పునీటిని పైకి తోస్తూ ఉంటుంది. వెనక్కి నెట్టేవాళ్ళు లేరు. పురుగుకి కాలమంతా పండగే. గేట్లెత్తిన ప్రతిసారీ మన పేపర్లలో "ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు" అని వస్తుంది చూడండి, పడవ పని మొదలయ్యాక ఆ హెడ్డింగ్ చదివితే నాకు కొంచెం చిరాకు. బ్యారేజీ నుంచి సముద్రం దాకా నూటికి దగ్గర కిలోమీటర్లు. ఆ మధ్యలో మడ అడవులున్నాయి, చేపలున్నాయి, మంచినీటి బావులున్నాయి, మా పడవ ఉంది.

సరే, పనిలోకి వస్తాను. నీటి కింద ఉండే పలకల్లో పదకొండు మార్చాలని తేలింది. ఇక్కడ చిన్నమావయ్య కొత్త ప్రతిపాదన తెచ్చాడు: పలకలు మార్చడం ఎందుకు, మొత్తం అడుగంతా ఫైబర్ పూత పూయిస్తే వారంలో పని అయిపోద్ది, పురుగు గొడవా ఉండదు. హార్బర్లో చాలామంది అలాగే చేయించుకున్నారు కూడా. ఖర్చు నన్ను లెక్కకట్టమన్నాడు. కట్టాను. పెద్దాయన అడిగినదాంట్లో సగానికి తక్కువ. పెద్దాయన ఆ మాట విని కోప్పడలేదు. "తడిసిన మనిషికి రెయిన్‌కోటు తొడిగితే ఏమవుద్ది? లోపల కుళ్ళుద్ది," అని బీడీ వెలిగించుకున్నాడు.

ఇది సామెతతో తేలే విషయం కాదనిపించి మా మెటీరియల్స్ సార్‌ని అడిగాను. ఆయన చెప్పినదాని సారం ఇది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, పాలిస్టర్ రెజిన్ దానికి సరిగ్గా అంటుకోదు. చెక్క తడికి అడ్డంగా ఉబ్బుతుంది, గాజునార ఉబ్బదు. ఎక్కడో ఒకచోట ఊడుతుంది. ఊడిన చోట నీళ్ళు చేరితే బయటికి దారి ఉండదు. కొత్త, పొడి చెక్క మీద, మంచి ఎపాక్సీతో, పద్ధతిగా చేస్తే వేరే సంగతి. నలభై ఏళ్ళ తడి చెక్క మీద అయితే వద్దు. చిన్నమావయ్య రెండు రోజులు ముభావంగా ఉండి ఒప్పుకున్నాడు. అమ్మమ్మ గాజులు ఇంకొన్ని నెలలు బ్యాంకులోనే ఉండాలని దాని అర్థం.

పలకలు మార్చడం చూడాల్సిన పని. ఒక్కో పలకా తీసి, కొత్తది కోసి, పక్క పలక అంచుకి సరిపోయేదాకా చిత్రిక పట్టి, నిప్పు సెగ మీద తడిపి తడిపి వంచి, బిగించాలి. పాత ఇనప మేకులు తీస్తుంటే ఒక్కోదాని చుట్టూ అంగుళం మేర చెక్క నల్లగా చచ్చిపోయి ఉంది. తుప్పు ఇనుమునే కాదు, పట్టుకున్న చెక్కనీ తింటుంది. నేను ఖాళీగా ఉండలేక టేపు, మట్టం తాడు పట్టుకుని రెండడుగులకొకచోట కొలతలు తీసుకుని పడవని ఆటోక్యాడ్‌లో గీశాను. గీస్తే కుడివైపు నాలుగడుగుల అయిదంగుళాలు, ఎడమవైపు నాలుగడుగుల ఏడు. మూడుసార్లు కొలిచాను. పెద్దాయనకి లాప్‌టాప్ చూపించి, పడవ వంకరగా ఉందని చెప్పాను. "చెట్టు అట్టా వంగింది అమ్మాయ్. నీ కంప్యూటరుకి చెట్టు కనపడదా?" అని నవ్వాడు. నీటి మీద అది నలభై ఏళ్ళు తిన్నగానే పోయింది మరి.

సందులు పూడ్చడం నాక్కూడా నేర్పాడు. దూదిని తాడులా పేని, మొండి ఉలితో పలకల మధ్యకి దిగ్గొట్టి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూయాలి. గట్టిగా కొట్టేశామనుకోండి, నీళ్ళలో పలకలు ఉబ్బినప్పుడు చోటు చాలక మేకులే ఊడతాయి. వదులుగా కొడితే కారుద్ది. ఎంత గట్టిగా? సుత్తి చప్పుడు మారేంత. అంతకంటే మంచి యూనిట్ ఆయన దగ్గర లేదు, నా దగ్గరా లేదు.

ఇంజన్ మాత్రం నా బాధ్యత అనుకున్నాను. పిస్టన్లు రెండూ పట్టేశాయి. సముద్రపు నీళ్ళతోనే చల్లబరిచే ఇంజన్ కాబట్టి లోపలి దారులన్నీ ఉప్పూ బురదా గడ్డకట్టి మూసుకుపోయాయి. డీజిలు, కిరసనాయిలు కలిపి పోసి తొమ్మిది రోజులు నానబెట్టాం. నాజిళ్ళు బెజవాడ తెచ్చి ఆటోనగర్లో టెస్ట్ చేయించాను. అక్కడే ఒక లేత్ షాపులో షాఫ్ట్ బుష్షులు గన్‌మెటల్‌తో తిప్పించాను. అన్నీ బిగించి హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజన్ దగ్గుతోంది గానీ అందుకోవట్లేదు. ఇద్దరు కుర్రాళ్ళు, చిన్నమావయ్య, నేను, వంతులేసుకుని మధ్యాహ్నమంతా తిప్పాం.

సాయంత్రం పెద్దమావయ్య అటుగా సైకిల్ మీద పోతూ ఆగాడు. చెయ్యి పెట్టనన్న మనిషి. కాసేపు చూశాడు. సైకిల్ స్టాండేసి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గాలి లోపలికెళ్ళే దారి విప్పి, రెండు చెంచాల ఇంజన్ ఆయిలు పోశాడు. డీకంప్రెషన్ లివరు ఎత్తి, ఒంటి చేత్తో నాలుగు తిప్పులు తిప్పి, లివరు వదిలాడు. ఇంజన్ అందుకుంది. అరిగిన రింగుల సందు ఆయిలు మూసేసింది, కంప్రెషన్ పెరిగింది, డీజిలు అంటుకుంది. నేను పరీక్షలో రాయగలను, అప్పుడు తట్టలేదు. నల్లటి పొగ మా అందరి మొహాల మీదికి వచ్చింది. ఆయన ఆ పొగలో ఒక నిమిషం నిలబడి, "డీజిలు ఎక్కువ పోతంది, తగ్గించుకోండి," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఉదయం ఆరింటికే వచ్చాడు.

మే 12, వైశాఖ పున్నమి పోటుకి దింపాం. అడుగున తారు, దాని మీద రాగి కలిసిన ఎర్ర పెయింటు. ఆరు నెలలు ఒడ్డు మీద ఎండిన పడవ కదా, దిగీదిగగానే జల్లెడలా కారడం మొదలెట్టింది. అందరికంటే ఎక్కువగా కంగారుపడింది అమ్మమ్మ. ఒడ్డున నిలబడి, గాజుల్లేని చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం చాప తెచ్చుకుని పందిరి కింద పడుకున్నాడు. "తాగనీండి," అన్నాడు.

రాత్రంతా బకెట్లతో తోడాం. ఊరికే తోడటమెందుకని నేను లెక్క రాశాను. మొదటి గంటలో 112 బకెట్లు. ఇరవై నాలుగో గంటలో 41. నలభై ఎనిమిదో గంటలో 13. గ్రాఫ్ పేపర్ మీద పెడితే ఇంచుమించు పదహారు గంటలకోసారి సగమవుతోంది. ఫిజిక్స్‌లో రేడియోధార్మికతకి గీసిన వంపు, అచ్చం అదే. మూడో రోజు పొద్దున పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి బిగించుకున్నాయి. షాఫ్ట్ బయటికి పోయే గ్రంథి దగ్గర మాత్రం ఇంకా చుక్కలు పడుతున్నాయి. నట్టు బిగించబోతే పెద్దమావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలి, ఆ నీళ్ళే షాఫ్ట్‌ని చల్లబరుస్తాయి, పూర్తిగా ఆపితే గ్రాఫైట్ తాడు మాడిపోద్దట.

మొత్తం ఖర్చు రెండు లక్షల నలభై వేలు. టూరిస్టుల్ని మడ అడవుల్లోకి తిప్పి రాబట్టొచ్చని చిన్నమావయ్య ఆశ. అది అంత తేలిక కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమంలో బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. రెండేళ్ళకి గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం. సర్వే, రిజిస్ట్రేషను లేకుండా మనుషుల్ని ఎక్కించకూడదు, అలాగే ఉండాలి కూడా. సర్వేకి దరఖాస్తు పెట్టాడు, ఇంకా పిలుపు రాలేదు. ఈలోపు పడవ పీతల చెరువులకి మేత మోస్తోంది. నడిపేది పెద్దమావయ్యే, జీతానికి. నెలకింతని చిన్నమావయ్య దగ్గర లెక్కగా తీసుకుంటాడు. గాజులు ఇంకా విడిపించలేదు.

ఆగస్టులో బ్యారేజీ గేట్లెత్తినప్పుడు ఇద్దరు మావయ్యలూ కలిసి పడవని పులిగడ్డ వైపు తీసుకెళ్ళి, ఎర్రనీళ్ళలో అయిదు వారాలు కట్టేసి వచ్చారు. ఆ అయిదు వారాలూ మేత మోసే బాడుగ పోయింది. పెద్దమావయ్య జీతం మాత్రం ఆపలేదట, అడిగి మరీ తీసుకున్నాడట.

తీసేసిన పదకొండు పలకలకి బందరు వ్యాపారి పైసా ఇవ్వలేదు. అమ్మమ్మ వాటిని నీళ్ళపొయ్యిలో వాడుతోంది. ఒక ముక్క నేను హాస్టల్‌కి తెచ్చుకున్నాను. సొరంగాలు సరిగ్గా పెన్ను పట్టేంత ఉన్నాయి. నా రూమ్మేట్ అందులో నాలుగు రీఫిల్సూ, ఒక అగరొత్తీ గుచ్చి పెట్టుకుంది.